చొక్కా విప్పే చోటు

ఒమాన్‌లో ఉంటూ ఒంటికి ఎండ చాలడం లేదని ఎవరైనా చెబితే నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. ఫోన్లో చెబితే మా చిన్నమ్మ కూడా నవ్వి, "చంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడినట్టున్నది మీ ముచ్చట" అంది. ఆమె తప్పేం లేదు. గల్ఫ్ అంటే ఎండ, ఇసుక, ఒంటె అని మా జగిత్యాల దిక్కు చిన్నపిల్లలు కూడా చెబుతారు. మేం డ్యూటీ చేసేది ఎక్కడో ఆమెకు తెలియదు.

మస్కట్ పక్కన సీబ్ అవతల ఒక కోల్డ్ స్టోర్‌లో నేను స్టోర్ కీపర్‌ని. గడ్డకట్టిన కోళ్లు, చేపలు, పచ్చి బఠాణీలు, ఖర్జూరాల పెట్టెలు మా దగ్గరికి వస్తాయి, కొన్నాళ్లుండి పోతాయి. మేం మాత్రం ఉంటాం. లోపల ఏడాదంతా చలికాలమే. కిటికీ అనేది లేదు. ట్యూబ్‌లైట్లు, నోట్లోంచి ఆవిరి, కాళ్లకు రబ్బరు బూట్లు, ఒంటి మీద దుప్పటంత మందం జాకెట్లు. బయట మే నెల మండిపోతున్నా లోపల ముక్కు కారుతూనే ఉంటుంది.

వేసవిలో బయట బోలెడు ఎండ ఉంటుంది, కానీ బుద్ధున్నవాడెవడూ అందులోకి పోడు. చలికాలంలో పోదామంటే మాకు వీలు కాదు. డిసెంబరులో తెల్లారకముందే కంపెనీ బస్సెక్కుతాం. బస్సు అద్దాలకు నల్ల కాగితం, దాని మీద మళ్లీ కర్టెన్లు. పొద్దుగూకాక అదే బస్సులో రూమ్‌కు వస్తాం. ఒక్క శుక్రవారం సెలవు. ఆ రోజు బట్టలుతుక్కోవడం, వండుకోవడం, ఇంటికి ఫోన్లు చేసుకోవడం, మిగిలితే నిద్ర. సూర్యుడనేవాడు ఉన్నాడని మాకు ఎవరో ఒకరు చెప్పాల్సిందే.

ఈ చీకట్లో నాతో పాటు ఉన్నవాడు గౌడన్న. అందరూ అలాగే పిలిచేవారు. మా పక్క మండలం వాడు, నాకంటే పెద్దవాడు, రూమ్‌లో నా పక్క మంచం. ఊళ్లో ఉన్నప్పుడు తాటిచెట్లెక్కేవాడు. నడుముకు మోకు చుట్టుకుని, పొద్దున పొద్దున్నే చెట్టు చివరన కూర్చుని గొలలు గీసి, కల్లు నిండిన లొట్లు దించుకుని వచ్చేవాడట. ఆ సంగతులు చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. కోల్డ్ స్టోర్‌లో ఆయన పని ఖర్జూరాల పెట్టెలు ఎత్తడం, దించడం.

"ఈడ నేను డబ్బలెత్తుత తమ్మీ. ఆడ నేను గౌడును" అనేవాడు. గొప్పకు కాదు. రెండూ వేరువేరు పనులని చెప్పడానికి.

ఆ ఏడు దసరా వెళ్లాక ఊరి నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ల పెద్దన్న చెట్లెక్కడం మానేసి కిరాణం దుకాణం పెట్టుకున్నాడట. వాళ్లింటి వాటాకొచ్చిన చెట్లు ఖాళీగా ఉన్నాయి. గౌడ సంఘం పెద్ద ఫోన్లో మర్యాదగానే చెప్పాడు, కానీ సూటిగా చెప్పాడు. మీ ఇంట్లో ఎవరైనా ఎక్కేవాడుంటే ఉగాది తర్వాత వచ్చి, ఆబ్కారీ సార్ల ముందర చెట్టెక్కి దిగి చూపించాలి. లేదంటే ఆ చెట్లు వేరేవాళ్లకు ఇచ్చేస్తాం. గౌడన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నేనొస్త" అన్నాడు. ఫోన్ పెట్టేశాక మంచం మీద కూర్చుని, తనలో తను నవ్వుకున్నాడు. ఆ నవ్వు చూసి నాకు అసూయ కలిగిన మాట నిజం. నాకు తిరిగి వెళ్లడానికి ఎదురు చూసే చెట్టు ఏదీ లేదు.

అయితే అప్పటికే ఆయన కాళ్లు బాగా లేవు. మా రూమ్ రెండో అంతస్తులో. మెట్లెక్కేటప్పుడు కమ్మి పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి ఎక్కేవాడు. తొడల్లో పీకుడు, నడుములో నొప్పి. స్టోర్‌లో పై అరలో పెట్టెలు దించాలంటే నిచ్చెన కావాలి. తాళ్లెక్కిన మనిషి, ఆ నిచ్చెన దగ్గరికి వచ్చేసరికి "నువ్వెక్కు తమ్మీ, నేను కింద పట్టుకుంట" అనడం మొదలుపెట్టాడు. మొదట్లో బద్ధకం అనుకున్నాను. ఒకసారి మూడో మెట్టు మీద ఆయన కాళ్లు వణకడం చూశాక అలా అనుకోవడం మానేశాను.

క్లినిక్‌కు నేనే తీసుకెళ్లాను. డాక్టరమ్మ కేరళ ఆవిడ, ఓపికమంతురాలు. మోకాళ్లు నొక్కి చూసింది, కుర్చీలోంచి చేతులు పెట్టకుండా లేవమంది. ఆయన లేవలేకపోయాడు. రక్తం తీశారు. మర్నాటికి రిపోర్టు చూసి, విటమిన్ డి అడుగంటిపోయిందని, ఎముకలు మెత్తబడి కండ పట్టు తప్పుతోందని చెప్పింది.

"ఎండలోకి వెళ్తారా?" అని అడిగింది.

గౌడన్న నా వైపు చూశాడు. "ఏ ఎండ మేడమ్?" అన్నాడు హిందీలో.

ఆవిడ నవ్వలేదు. ఇక్కడ ఇది రోజూ చూసేదేనంది. ఏసీ ఇళ్లు, ఏసీ కార్లు, ఏసీ ఆఫీసులు, ఒళ్లంతా కప్పే బట్టలు. బయట సైట్లలో పనిచేసేవాళ్లు కూడా ఎండకు భయపడి మొహం దాకా గుడ్డ చుట్టుకుంటారంది. వారానికొక మెత్తటి గోలీ రాసిచ్చింది. అది తిండితో వేసుకోవాలి. చలికాలపు ఎండ ఒంటికి మంచిదే, సెలవు రోజు చేతులకూ కాళ్లకూ తగలనివ్వండి అంది. ఉగాది నాటికి కాళ్లు మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటాయా అని గౌడన్న అడిగాడు. మందు సరిగ్గా వాడితే ఇంకా ముందే తేడా తెలుస్తుందని ఆవిడ అంది. ఆయన దేవుడికి పెట్టినట్టు దండం పెట్టాడు.

మందుల దుకాణంలోకి ఆయన ఒక్కడే వెళ్లాడు. నేను బయట టాక్సీని ఆపి నిలబడ్డాను. కాసేపటికి గోలీల డబ్బా పట్టుకుని వచ్చాడు. టాక్సీలో కూర్చోగానే కళ్లు మూసుకున్నాడు. అలసిపోయాడనుకున్నాను.

అక్కడి నుంచి మా ఎండ వేట మొదలైంది.

మొదటి శుక్రవారం మిద్దెక్కాం. నీళ్ల ట్యాంకులు, డిష్‌లు, ఎవరివో ఎండేసిన దుప్పట్లు. గౌడన్న చొక్కా, బనీను విప్పి, లుంగీ మోకాళ్ల పైకి ఎగగట్టి చాప మీద బోర్లా పడుకున్నాడు. చేతులు, కాళ్లు చాలన్నారు కదన్నా అంటే వినలేదు. "చెట్టు మీద ఉన్నప్పుడు ఒంటి మీద చొక్కా ఉండేదా? వీపుకు తగిలితెనే అది ఎండ" అన్నాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అనలేదు. హాయిగా ఉన్న మాట నిజమే. డిసెంబరు ఎండ అమ్మ చేతిలా ఉంటుంది. ఇద్దరం నిద్రపోయాం.

లేపింది బిల్డింగు వాచ్‌మన్. పక్క విల్లా వాళ్లు ఫిర్యాదు చేశారట. మా మిద్దె మీద నుంచి వాళ్ల వాకిలి కనిపిస్తుంది, అందులో ఆడవాళ్లు తిరుగుతుంటారు, పైన బట్టల్లేని మగాళ్లేంటని. నాకు కోపమొచ్చింది. కళ్లు మూసుకుని పడుకున్నవాళ్లు ఏం చూస్తారని గట్టిగానే అడిగాను. గౌడన్న మాత్రం గబగబా బనీను తొడుక్కున్నాడు.

"వాళ్లన్నదే నిజం గదా. మన వాకిట్లకు ఎవడన్న మిద్దెక్కి చూస్తె మనం ఊకుంటమా? నడు" అన్నాడు.

తర్వాతి శుక్రవారం సముద్రం ఒడ్డుకు పోయాం. పొద్దున పూట, జనం తక్కువ. ఆయన చొక్కా గుండీలు విప్పుతుండగానే కాళ్ల దాకా తెల్ల దిష్‌దాషా వేసుకున్న పెద్దాయన ఒకడు ఆగి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, ఇక్కడికి కుటుంబాలు వస్తాయి, దయచేసి బట్టలు వేసుకోండని చెప్పాడు. అంత మర్యాదగా చెబితే ఎవడితో కొట్లాడతాం! ఆ పైవారం ఒక ఖాళీ జాగా దొరికింది. అక్కడ కుక్కలు తరిమాయి. దేశమంతా ఎండే, చొక్కా విప్పే చోటుకే కరువు. చేతులు మడుచుకుని బస్టాపులో కూర్చోవడం దాకా వచ్చింది మా వైద్యం.

జనవరి వచ్చింది. గౌడన్న కాళ్లలో మార్పు లేదు. పైగా ఒక రోజు ఖర్జూరాల గదిలో కింద కూర్చున్నవాడు లేవలేక, నా చెయ్యి అందుకుని లేచాడు. గోలీలు వేసుకుంటున్నావా అంటే "ఏస్కుంటున్న, ఏస్కుంటున్న" అన్నాడు. డాక్టరమ్మ మీద నాకు అనుమానం మొదలైంది.

ఆ వారమే నా జాకెట్ జిప్పు తెగింది. ఫ్రీజర్ గదిలోకి పోవాల్సి వచ్చి, కొక్కేనికి వేలాడుతున్న గౌడన్న జాకెట్ తగిలించుకున్నాను. చలికి జేబులో చేతులు పెట్టుకుంటే వేళ్లకు ఎండు బఠాణీల్లా ఏవో తగిలాయి. బయటికి తీశాను. డాక్టరమ్మ రాసిచ్చిన గోలీలే. చలికి బిగుసుకుపోయి రాళ్లయి ఉన్నాయి. కొన్న రోజు నుంచి ఒక్కటీ ఆయన గొంతు దిగలేదు. మా ముందర చేతిలోకి తీసుకుని, నీళ్లు తాగి, గోలీని జేబులో వేసుకునేవాడన్నమాట.

మధ్యాహ్నం అన్నం దగ్గర వాటిని ఆయన కంచం పక్కన పెట్టాను. నా గొంతు పెద్దది. తగ్గించుకోవాలని కూడా అనిపించలేదు.

"ఏందన్నా ఇది? చెట్లు పోతయని ఏడ్చేది నువ్వే, మందు పారేసేది నువ్వే. ఎవలను మోసం చేస్తున్నవ్?"

ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నాడు. గోలీల వైపు చూడకుండానే చెప్పాడు.

"అది ఆవుది తమ్మీ."

నాకు అర్థం కాలేదు. అప్పుడు దుకాణంలో జరిగింది చెప్పాడు. గోలీ మెత్తగా, జిగురుగా, మెరుస్తూ ఉంది. ఈ పై తొడుగు ఏంతోటి చేస్తారని మందులమ్మే హైదరాబాద్ భాయ్‌ని అడిగాడు. ఆ భాయ్ దగ్గరికి రోజూ వచ్చే సగం మంది ఇదే అడుగుతారు. పందిది కాదు కదా అని వాళ్ల భయం. ఆయన అలవాటు కొద్దీ గౌడన్న భుజం తట్టి, "ఫికర్ నక్కో కరో భాయ్, సువ్వర్‌ది కానే కాదు. పక్కా హలాల్. గాయ్‌ది" అని ధైర్యం చెప్పాడు.

"గంత మంచిగ చెప్పిండు. పెయ్యి మీద చెయ్యేసి చెప్పిండు. ఎనక మంది నిలవడ్డరు. గాయ్‌ది అయితెనే నాకు ఒద్దు అని ఎట్లంట? ఆయన మొకం ఎట్లుండాలె?" అన్నాడు గౌడన్న.

"మరి నాకన్న చెప్పొద్దా?"

"నీకు చెప్తె నువ్వు ఊకుంటవా? పోయి లొల్లి చేస్తవ్."

ఆ మాటకు నేను అక్కడే లొల్లి చేశాను. మందు మందే, దానికి కులమేంది, మతమేంది అన్నాను. కోడి హలాల్‌దే తింటున్నవ్ కదా అన్నాను. ఆయన అన్నీ విన్నాడు. "కోడి కోడే తమ్మీ. ఇది గొంతు దిగుతలేదు. మొదటి దినం ఏస్కుందమనే నోట్లె పెట్టుకున్న. నీళ్లు పోసినా దిగలె" అన్నాడు. గొంతు దిగనిదాన్ని వాదించి దింపలేం.

ఆలోచిస్తే ఇందులో తప్పు పట్టడానికి ఎవరూ దొరకలేదు. ఆ భాయ్ మనసు నొచ్చుకోకూడదని ఈయన, ఈయన భయం పోగొట్టాలని ఆ భాయ్. ఇద్దరి మంచితనం కలిసి గౌడన్న కాళ్లు విరగ్గొట్టే దాకా తెచ్చింది. ఉగాది మాత్రం ఎవరి కోసమూ ఆగదు. నాకు భయమేసింది. ఆయన చెట్టెక్కలేక తలొంచుకుని నిలబడితే, ఆ మాట ఫోన్లో వినాల్సింది నేనే.

సాయంత్రం దుకాణానికి పోయాను. లొల్లి చేయడానికి కాదు, కానీ చేయకుండా ఉంటానని కూడా అనుకోలేదు. సంగతి చెప్పగానే హైదరాబాద్ భాయ్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"తోబా, తోబా! నేను మంచిగనే చెప్పిన అనుకున్న కదా భాయ్. అందరికీ అదే చెప్పి చెప్పి నోటికొచ్చేసింది. అన్న మొహం చూసి ఒక్కసారి ఆలోచించొద్దా నేను?" అన్నాడు. ఆయనది పాతబస్తీ. తెలుగు మాట్లాడితే సగం ఉర్దూ దొర్లుతుంది, కానీ బాధ మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే.

తర్వాత మనిషి ఆగలేదు. మన దిక్కు ఇదే విటమిన్ పొడిగా పొట్లాల్లో వస్తుందని, పాలల్లో కలుపుకుని తాగొచ్చని, జిగురు గొడవ ఉండదని చెప్పాడు. హైదరాబాద్ నుంచి వాళ్ల తమ్ముడు వస్తున్నాడు, తెప్పిస్తానన్నాడు. డాక్టరమ్మకు నా ఎదురుగానే ఫోన్ చేసి, ఎంత వాడాలో, ఎన్ని వారాలు వాడాలో అడిగి కనుక్కున్నాడు. వారానికి ఒకటే, రోజూ కాదు, తొందరపడి ఎక్కువ తాగితే కిడ్నీలు పోతాయని నాకు రెండుసార్లు చెప్పాడు. మూడోసారి గౌడన్నకు చెప్పాడు. పొట్లాలు ఇవ్వడానికి తనే రూమ్‌కు వచ్చాడు. గుమ్మంలో నిలబడి "మాఫ్ కరో అన్నా" అన్నాడు. గౌడన్న కంగారుపడి ఆయన రెండు చేతులూ పట్టుకుని లోపలికి లాక్కొచ్చి, చాయ్ పెట్టించాడు. మనస్పర్ధ రాకముందే రాజీ అయిపోయింది.

శుక్రవారం అన్నం తిన్నాక ఆయన పాలు తాగడం రూమ్‌లో పెద్ద తమాషా అయింది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లంటారని సామెత. మావాళ్లు దాన్ని తిరగేసి, కల్లు పోసిన చేతులకు పాలగ్లాసా అని ఏడిపించేవాళ్లు. "నవ్వున్రి బిడ్డా, చెట్టు మీద నుంచి లొట్టితోటి కొడ్త ఒక్కొక్కన్ని" అనేవాడు గౌడన్న, మీసం తుడుచుకుంటూ.

చొక్కా విప్పే చోటు కూడా ఆ రోజుల్లోనే దొరికింది. మా స్టోర్‌లో ఖర్జూరాలు దాచుకునే ఒక ఒమానీ పెద్దాయన ఉన్నాడు. ఇక్కడ యజమానిని అర్బాబ్ అంటాం. మేమూ ఆయన్ను అలాగే పిలిచేవాళ్లం. పెట్టెలు చూసుకోవడానికి వచ్చి, గౌడన్న కుంటడం చూసి ఏమైందని అడిగాడు. విషయం విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "మా ఇంట్లో అందరం అదే గోలీ మింగుతాం" అన్నాడు హిందీలో. బర్కా దారిలో తనకు తోట ఉందని, చుట్టూ ఎత్తు గోడ ఉందని, లోపల ఎండ బోలెడుందని, వచ్చి పడుకోండని చెప్పాడు. "ఎండకు నేను అద్దె తీసుకోను" అని మళ్లీ నవ్వాడు.

అప్పటి నుంచి శుక్రవారం నమాజు కాగానే హైదరాబాద్ భాయ్ తన కారులో మమ్మల్ని తోటకు తీసుకెళ్లేవాడు. మొదట్లో నీడలో కూర్చుని ఫోన్ చూసుకునేవాడు. తర్వాత అనుమానమొచ్చి తనకూ పరీక్ష చేయించుకుంటే ఆయనకూ తక్కువేనని తేలింది. విటమిన్లు అమ్మే మనిషి! నాకు నవ్వాగలేదు. ఆ వారం నుంచి ఆయన కూడా బనీనుతో ఎండలో కూర్చున్నాడు. గౌడన్న మాత్రం బోర్లా పడుకుని, కాసేపటికి వెల్లకిలా తిరిగి, కళ్లు చిట్లించి ఖర్జూరపు చెట్ల మట్టలనే చూసేవాడు.

"ఈతచెట్టుకు పెద్దన్న లెక్కున్నది ఇది. కొసకు గీసే మొగి మెత్తగ ఉంటదా, గట్టిగుంటదా?" అనేవాడు. నాకేం తెలుసు!

జనవరి చివర్లో ఆగలేక ఒక చెట్టును కావలించుకున్నాడు. అర్బాబ్ మనుషులు వాడే తాడు ఒకటి గోడకు వేలాడుతుంటే నడుముకు చుట్టుకున్నాడు. వద్దంటే విన్నాడా? తాటిచెట్టెక్కేవాణ్ని ఎంతవరకని ఎగదోస్తామని సామెత. ఆ రోజు నేనూ, హైదరాబాద్ భాయ్ నిజంగానే భుజాలు పెట్టి ఎగదోశాం. మా చేతులు అందేదాకా వెళ్లాడు. అక్కడ ఆయన పిక్కలు టకటకా వణకడం మొదలుపెట్టాయి. జారి మా మీదే పడ్డాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆయన మట్టిలో కూర్చుని తొడలు కొట్టుకుంటూ, "ఇగ నాతోని కాదు తమ్మీ. చెట్లు పోయినట్టే" అని ఏడ్చాడు. అంత మొండి మనిషి పసిపిల్లాడిలా ఏడుస్తుంటే చూడలేకపోయాను. తిట్టాను. "మందు మొదలుపెట్టి ఎన్ని రోజులైందని ఎక్కుతవ్? పాలు తాగి పండు" అన్నాను. నాకు ఓదార్చడం చేతకాదు. తిట్టడమే వచ్చు.

ఫిబ్రవరి గడిచింది. ఎప్పుడు మొదలైందో చెప్పలేను కానీ, ఒకరోజు బస్సు దిగాక ఆయన మెట్ల కమ్మి పట్టుకోలేదు. నేను చూసి, గబగబా ముందెక్కిపోయాను. పైకి అంటే దిష్టి తగులుతుందని భయం. ఇంకొన్నాళ్లకు స్టోర్‌లో నిచ్చెన దగ్గర "నువ్వు కింద పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. పైఅర దాకా పోయి పెట్టె అందించాడు. ఆయన మొహంలోకి చూడకుండా పెట్టె అందుకున్నాను.

మార్చిలో ఖర్జూరపు చెట్లు పూతకొచ్చాయి. మగపూల పొడి ఆడపూల మీద చల్లాలి. దానికి చెట్టెక్కాలి. అర్బాబ్ దగ్గర ఎక్కేవాడు సెలవు మీద పోయాడు. ఆ శుక్రవారం అర్బాబ్ తల పట్టుకుని తిరుగుతుంటే గౌడన్న లేచి లుంగీ గోచి పోసుకున్నాడు. ఈసారి ఎవరినీ అడగలేదు. తాడు చుట్టుకుని, చెట్టును ఒకసారి ముట్టి కళ్లకద్దుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. హైదరాబాద్ భాయ్ కింద నుంచి దువా చదువుతున్నాడు. నేను నోటికొచ్చిన దేవుళ్లందరినీ మొక్కాను. గౌడన్న సగంలో ఒకసారి ఆగాడు. నేను చేతులు చాపి చెట్టు కిందికి వెళ్లాను. తాడు విదిలించి పైకి వేసుకుని మళ్లీ కదిలాడు. చివర దాకా పోయి, మట్టల మధ్య కూర్చుని, అర్బాబ్ అరిచి చెప్పినట్టే పొడి చల్లి దిగి వచ్చాడు. కాళ్లు వణికాయి, కానీ నిలబడ్డాయి.

అర్బాబ్‌కు ఆనందం పట్టలేదు. కంపెనీ మానేయ్, నా తోటలో ఉండు, కాగితాలన్నీ నేను చూసుకుంటాను, చలి గదిలో కుళ్లడం దేనికి, ఇక్కడ ఎండ ఉంది, చెట్లున్నాయి అన్నాడు. సగం అరబ్బీలోనే అన్నదాన్ని నేను తెలుగులో చెప్పాను. నాకైతే మంచి మాటలాగే అనిపించింది. గౌడన్న ఒక్కసారి తల పైకెత్తి తోటంతా చూశాడు.

"మంచి చెట్లే తమ్మీ. కని కల్లియ్యవు గదా" అన్నాడు.

ఏమంటున్నాడని అర్బాబ్ అడిగాడు. ఈ మాటను ఆ దేశంలో ఆ మనిషికి ఎలా అనువదించను? ఇంటి దగ్గర చెట్లు ఎదురు చూస్తున్నాయట అని చెప్పాను. అర్బాబ్ తలూపాడు. చెట్లున్నవాడికి ఆ మాట వేరే వివరించాల్సిన పని లేదు. ఒక పెట్టె ఖర్జూరాలు తెచ్చి గౌడన్న చేతిలో పెట్టాడు.

ఉగాదికి ముందు గౌడన్న వెళ్లిపోయాడు. కంపెనీ వదిలేసే వెళ్లాడు. ఎయిర్‌పోర్టులో హైదరాబాద్ భాయ్ మిగిలిన పొట్లాలు ఆయన జేబులో పెట్టి, వారానికి ఒకటేనని మళ్లీ చెప్పాడు. నేను జాగ్రత్త అన్నాను. తిరిగి వచ్చేసరికి పక్క మంచం ఖాళీగా ఉంది. వారంలోనే దాని మీదికి వేరే మనిషి వచ్చాడు.

పరీక్ష రోజు నాకు డ్యూటీ. కోల్డ్ స్టోర్ లోపల ఫోన్ పలకదు. ఏదో ఒక సాకు చెప్పి పదేపదే లోడింగ్ గేటు దగ్గరికి వచ్చి చూసుకున్నాను. ఏమీ లేదు. మధ్యాహ్నం దాటింది. ఊళ్లో అప్పటికే పొద్దు వాలుతూ ఉంటుంది. ఇక కాలేదనుకున్నాను. పడ్డాడేమో అని కూడా అనుకున్నాను. ఆపుకోలేక నేనే చేశాను. ఎత్తింది గౌడన్న భార్య. వెనక ఒకటే గోల, ఎవరో అరుస్తున్నారు.

"ఏమైందొదినా? ఎక్కిండా?"

"ఎక్కుడా? ఎప్పుడో ఎక్కిండు. సార్లు రాసుకున్నరు, అయిపోయింది, ఇగ దిగుమంటున్నరు."

"మరి?"

"దిగుతలేడు మరిది! సంఘపోళ్లు మొత్తుకుంటున్నరు, సార్లు జీపెక్కి కూసున్నరు. మీదికెళ్లి ఒకటే అంటుండు, జెరసేపు ఎండకు కూసుంట, నన్ను సతాయించకున్రి అని. గక్కడ ఏం పెట్టిన్రయ్యా ఆయనకు?"

నేను గేటు పక్కన ఎండలోనే నిలబడి ఉన్నాను. గట్టిగా నవ్వాను. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చింది. లోపలి నుంచి ఫోర్క్‌లిఫ్టువాడు నా కోసం హారన్ కొడుతున్నాడు. జాకెట్ విప్పి చేతి మీద వేసుకుని, ఇంకొంచెంసేపు అక్కడే ఉన్నాను.